లాగ్ గ్రాఫ్ చేత్తో గీయడం: ముందు గోడ, తర్వాత చుక్కలు, ఆ తర్వాతే గీత

లాగ్ ప్రమేయానికి గ్రాఫ్ గీయమంటే చాలామంది పిల్లలు ఒకేలా మొదలుపెడతారు. ఎక్స్ వరసలో 1, 2, 3, 4, 5 అని రాసుకుంటారు. వై వరసలో 0 వేస్తారు, 1 వేస్తారు, మూడో గడి దగ్గర ఆగిపోతారు. లాగ్₂ 3 ఎంత? కాల్క్యులేటర్ తీసి 1.585 అని వేస్తారు. 4కి 2, 5కి 2.322. ఐదు చుక్కలూ కలిపితే కొంచెం వంగిన గీత ఒకటి వస్తుంది. అది లాగ్ గ్రాఫో, వర్గమూలం గ్రాఫో చూసి చెప్పలేం. పైగా ఎక్స్ అక్షం కింద ఉండాల్సిన భాగం మొత్తం కాగితం మీదికే రాలేదు.

ఇంటర్ ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెబుతూ ఈ ఐదు చుక్కల గ్రాఫ్‌ని లెక్కలేనన్నిసార్లు చూశాను. వాళ్లకు లాగ్ రాక కాదు. పట్టికను తప్పు వైపు నుంచి నింపుతున్నారు, అంతే. ఎక్స్ మీరు ఎంచుకుని వై కోసం వెతక్కండి. వై మీరు ఎంచుకోండి, ఎక్స్ దానంతటదే వస్తుంది. కాల్క్యులేటర్ అక్కర్లేదు. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మార్పు మీదే నడుస్తుంది.

ఒక గ్రాఫ్ పేపర్, బాగా చెక్కిన పెన్సిల్, స్కేలు దగ్గర పెట్టుకుని చదవండి. చదువుతూ గీస్తేనే వస్తుంది.

లాగ్ అడిగే ప్రశ్న

లాగ్₂ 8 అంటే ఒక ప్రశ్న: 2 పవర్ ఎంత అయితే 8 వస్తుంది? జవాబు 3. పదో తరగతిలో సంవర్గమానాలు చదివినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. కాబట్టి వై = లాగ్₂ ఎక్స్ అన్నా, 2^వై = ఎక్స్ అన్నా ఒకటే మాట. (2^3 అంటే 2 పవర్ 3 అని చదువుకోండి.)

గ్రాఫ్‌కి కావలసినవన్నీ ఈ ప్రశ్నలోనే ఉన్నాయి. 2ని ఏ పవర్‌కి పెంచినా జవాబు ధన సంఖ్యే వస్తుంది. సున్నా రాదు, రుణ సంఖ్య రాదు. అందుకే ఎక్స్ ఎప్పుడూ సున్నాకంటే పెద్దదై ఉండాలి. ఎక్స్ తీసుకోగల ఈ విలువల సమితినే ప్రదేశం అంటారు. 2 పవర్ 0 అంటే 1, కాబట్టి గ్రాఫ్ (1, 0) గుండా పోతుంది. 2 పవర్ 1 అంటే 2, కాబట్టి (2, 1) గుండా కూడా పోతుంది. ఆధారం, అంటే లాగ్ పక్కన కింద రాసే సంఖ్య (ఇక్కడ 2), మారితే రెండో చుక్క మారుతుంది. మొదటిది మాత్రం ఏ ఆధారానికైనా అక్కడే ఉంటుంది.

మొదటి గ్రాఫ్: వై = లాగ్₂ ఎక్స్

ఎక్స్ అక్షం, వై అక్షం గీయండి. రెండిటి మీదా 2 సెంటీమీటర్లు ఒక యూనిట్ అనుకోండి. ఈ స్కేలు ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. వై వరసలో ముందుగా −3 నుంచి 3 వరకు రాసేయండి. ఒక్కో వైకి 2^వై కట్టి కింద ఎక్స్ వరస నింపండి:

| వై | −3 | −2 | −1 | 0 | 1 | 2 | 3 |
|---|---|---|---|---|---|---|---|
| ఎక్స్ | 1/8 | 1/4 | 1/2 | 1 | 2 | 4 | 8 |

అర నిమిషం పని. వై ఒక మెట్టు ఎక్కితే ఎక్స్ రెట్టింపవుతోంది, ఒక మెట్టు దిగితే సగమవుతోంది. లాగ్ గ్రాఫ్ స్వభావమంతా ఇదే.

చుక్కలు పెట్టేముందు వై అక్షాన్ని ఒకసారి చూడండి. ఎక్స్ సున్నాకి ఎంత దగ్గరైనా వెళ్తుంది గానీ సున్నా కాదు. అంటే గ్రాఫ్ ఆ నిలువు గీతను ఎప్పటికీ తాకదు. పుస్తకాల్లో దీన్ని అనంతస్పర్శరేఖ అంటారు. నేను గోడ అంటాను. గోడ ఎక్కడుందో తెలియకుండా ఒక్క చుక్క కూడా పెట్టొద్దని మా పిల్లలకు చెబుతాను. ఈ గ్రాఫ్‌లో గోడ వై అక్షమే కాబట్టి విడిగా గీయక్కర్లేదు.

ఇప్పుడు చుక్కలు. 2 సెంటీమీటర్ల స్కేలులో 1/2 అంటే గోడకు 1 సెంటీమీటరు దూరం, 1/4 అంటే 5 మిల్లీమీటర్లు, 1/8 అంటే రెండున్నర మిల్లీమీటర్లు. గ్రాఫ్ పేపర్ మీద చిన్న గడి ఒక మిల్లీమీటరు, కాబట్టి మూడూ చక్కగా పడతాయి. అదే 1 సెంటీమీటరు స్కేలు పెట్టుకుని ఉంటే 1/8 ఒకటింబావు మిల్లీమీటరు దగ్గర పడి, చుక్క గోడకు అతుక్కుపోయినట్టు కనబడేది. కుడివైపు 8 యూనిట్లకు 16 సెంటీమీటర్లు చాలు, మామూలు గ్రాఫ్ పేపర్‌లో పట్టేస్తుంది.

గీత గీసే పద్ధతి

చుక్కలు సరిగ్గా పెట్టి గీత దగ్గర పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. స్కేలు పక్కన పెట్టేయండి. చుక్క నుంచి చుక్కకు స్కేలుతో కలిపితే అది మెట్లు మెట్లుగా విరిగిన గీత అవుతుంది, లాగ్ వక్రరేఖ అవ్వదు.

ముందు పెన్సిల్‌ని కాగితానికి ఆనించకుండా, గాల్లోనే రెండుమూడుసార్లు ఏడు చుక్కల మీదుగా పోనివ్వండి. చేతికి ఆ వంపు అలవాటవుతుంది. తర్వాత లేతగా ఒక గీత, అది నచ్చితే దాని మీద ముదురుగా ఇంకోటి. మణికట్టు వంపుకు లోపలివైపు ఉంటే గీత నున్నగా వస్తుంది. ఈ గ్రాఫ్ వంపు లోపలివైపు కింద కుడి పక్కన ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు చెయ్యి సహజంగా అక్కడే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లు కాగితాన్ని తిప్పుకుని గీయండి, పరీక్షలో కూడా తిప్పొచ్చు.

రెండు చివర్లా జాగ్రత్త. కింది చివర గ్రాఫ్ గోడ పక్కనే దాదాపు నిటారుగా దిగిపోవాలి. గోడను తాకకూడదు, వంపు తిరిగి గోడకు దూరం కాకూడదు. ఆ చివర కిందికి బాణం గుర్తు వేయండి.

కుడి చివర చేసే తప్పు ఇంకా సాధారణం. గ్రాఫ్ చదునైపోతోంది కదా అని పడుకోబెట్టేస్తారు, పైన ఎక్కడో కనబడని పైకప్పు ఉన్నట్టు. లాగ్‌కి పైకప్పు లేదు. దాని వ్యాప్తి, అంటే వై తీసుకోగల విలువలు, వాస్తవ సంఖ్యలన్నీ. ఎక్కడం మానదు, నెమ్మదిస్తుంది అంతే. ఎంత నెమ్మదో ఒకసారి లెక్క కట్టండి. యూనిట్ 1 సెంటీమీటరు అనుకుంటే, ఈ గ్రాఫ్ 20 సెంటీమీటర్ల ఎత్తుకు చేరాలంటే ఎక్స్ 2^20 కావాలి, అంటే 10,48,576 సెంటీమీటర్లు. పదిన్నర కిలోమీటర్ల పొడవు కాగితం! జానెడు ఎత్తు కోసం పదిన్నర కిలోమీటర్లు నడిచినా అది ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. అదే కిందికి 20 సెంటీమీటర్లు దిగేసరికి గోడకు దూరం మిల్లీమీటరులో లక్షో వంతుకన్నా తక్కువ. అయినా తాకదు. ఈ రెండు సంఖ్యలూ మనసులో ఉంటే రెండు చివర్లూ తప్పు గీయరు.

గీశాక ఒక పరీక్ష చేయండి. వక్రరేఖ మీద ఏవైనా రెండు చుక్కల మధ్య స్కేలు పెట్టండి, ఉదాహరణకు (2, 1), (8, 3). వాటి మధ్యలో మీ గీత స్కేలుకు పైనే ఉండాలి. ఎక్కడైనా కిందికి దిగితే అక్కడ వంపు తప్పింది, చెరిపి మళ్లీ గీయండి.

ఆధారం మారితే

ఆధారం 3 అయితే ఎక్స్ విలువలు 1/9, 1/3, 1, 3, 9. పద్ధతి అదే. ఆధారం పెద్దదయ్యేకొద్దీ 1కి కుడివైపు గ్రాఫ్ ఎక్స్ అక్షానికి దగ్గరగా వంగుతుంది.

ఆధారం 10 కొంచెం ఇబ్బంది పెడుతుంది. సులువుగా దొరికే చుక్కలు (1/10, −1), (1, 0), (10, 1) మూడే. తర్వాతది (100, 2), కాగితం దాటిపోతుంది. మూడు చుక్కలతో వంపు తెలియదు. ఇక్కడ ఒక్క విలువ గుర్తుంచుకుంటే చాలు: లాగ్₁₀ 2 = 0.301. 4 అంటే 2 × 2 కాబట్టి 0.602. 8కి 0.903. 5 అంటే 10లో సగం, కాబట్టి 1 − 0.301 = 0.699. 1/2 అంటే −0.301. ఒక్క విలువ నుంచి ఐదు చుక్కలు వచ్చాయి. స్కేలు మాత్రం రెండు అక్షాలకూ ఒకటే పెట్టొద్దు. ఎక్స్ మీద 1 సెంటీమీటరుకు 1 యూనిట్, వై మీద 1 సెంటీమీటరుకు 0.1 యూనిట్ పెడితే వంపు స్పష్టంగా కనబడుతుంది. స్కేలు వేర్వేరు అయినప్పుడు కాగితం మూలన తప్పకుండా రాయండి.

గుణకారం కూడికగా మారే ఈ సౌకర్యం కోసమే లాగ్ పుట్టింది. స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్ 1614లో తన పట్టికలు ప్రచురించాడు. ఆయన్ని కలవడానికి లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా వెళ్లిన హెన్రీ బ్రిగ్స్ తర్వాత 10 ఆధారంగా లెక్కలు కట్టి, 1624లో 14 దశాంశ స్థానాల పట్టిక తెచ్చాడు. మనం రెండు వేళ్ల మీద వేసుకునే 0.301 అప్పట్లో చేత్తో కట్టిన లెక్క. ఆ ఓపిక తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

సహజ లాగ్‌కి ఆధారం సుమారు 2.718. చుక్కలు (0.37, −1), (1, 0), (2.72, 1), (7.39, 2). దీనికి ఒక ప్రత్యేక వెసులుబాటు ఉంది. రెండు అక్షాల స్కేలు ఒకటే అయితే (1, 0) దగ్గర గ్రాఫ్ సరిగ్గా 45 డిగ్రీల వాలులో ఉంటుంది. వై = ఎక్స్ − 1 గీతను అక్కడ లేతగా గీసుకుంటే, వక్రరేఖ దాన్ని ఒక్క (1, 0) దగ్గరే తాకి, మిగతా చోట్లంతా దాని కిందే ఉండాలి.

ఆధారం 1/2 లాంటిది ఇస్తే కంగారు పడొద్దు. లాగ్₂ చుక్కల్లోనే వై గుర్తు మార్చండి. (2, −1), (4, −2), (1/2, 1). ఎక్కాల్సిన గ్రాఫ్ దిగుతుంది, గోడ పక్కన కిందికి బదులు పైకి పోతుంది. కెమిస్ట్రీలో పీహెచ్ కూడా ఇలా దిగే లాగే. హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు పెరిగితే పీహెచ్ 1 తగ్గుతుంది.

జరిగిన గ్రాఫ్: వై = 2 లాగ్₂(ఎక్స్ + 3) − 4

పరీక్షల్లో వచ్చేది ఈ రకం. పుస్తకంలో ముందు వై = లాగ్₂ ఎక్స్ గీసి, దాన్ని 3 ఎడమకు జరిపి, రెట్టింపు సాగదీసి, 4 కిందికి దించమంటారు. తప్పేమీ లేదు. కానీ మూడు మార్పులు వరసగా చేసేటప్పుడు ఏది ముందో తడబడి గ్రాఫ్ పక్కకు పోతుంది. నేను వాడే దారి వేరు. బ్రాకెట్ లోపల ఉన్న మొత్తాన్ని ఒకే సంఖ్యగా చూడండి. దాన్ని లోపలి విలువ అందాం.

మొదట గోడ. లోపలి విలువ సున్నా అయ్యేది ఎక్కడ? ఎక్స్ + 3 = 0, అంటే ఎక్స్ = −3. అక్కడ స్కేలుతో నిలువుగా చుక్కల గీత గీయండి. స్కేలుకు పని ఇక్కడే.

రెండోది, గ్రాఫ్ గోడకు ఏ వైపు? లోపలి విలువ సున్నాకంటే పెద్దదవ్వాలి, కాబట్టి ఎక్స్ −3 కంటే పెద్దది. కుడివైపు. ఎడమవైపు పెన్సిల్‌తో లేతగా అడ్డగీతలు కొట్టేయండి, చెయ్యి పొరపాటున కూడా అటు పోదు.

మూడోది పట్టిక. లోపలి విలువకు 2 పవర్లు ఇవ్వండి. లాగ్ చూడగానే తెలుస్తుంది. ఎక్స్ కోసం 3 తీసేయండి. వై కోసం లాగ్‌ని రెట్టింపు చేసి 4 తీసేయండి.

| లోపలి విలువ | దాని లాగ్ | ఎక్స్ | వై |
|---|---|---|---|
| 1/4 | −2 | −2.75 | −8 |
| 1/2 | −1 | −2.5 | −6 |
| 1 | 0 | −2 | −4 |
| 2 | 1 | −1 | −2 |
| 4 | 2 | 1 | 0 |
| 8 | 3 | 5 | 2 |

ఎక్స్ అక్షాన్ని దాటే చోటు పట్టికలోనే దొరికింది: (1, 0). ప్రతిసారీ ఇంత అదృష్టం ఉండదు. దొరక్కపోతే వై = 0 పెట్టి సాధించండి. వై అక్షం కోసం ఎక్స్ = 0 పెడితే 2 లాగ్₂ 3 − 4. లాగ్₂ 3 సుమారు 1.585 కాబట్టి వై సుమారు −0.83. ఇది (−1, −2)కీ (1, 0)కీ మధ్యలో, ఆ రెండిటినీ కలిపే సరళరేఖకు కొంచెం పైన పడింది. వంపు సరిగ్గా ఉందన్నమాట.

చుక్కలన్నీ పెట్టి, గోడ పక్కన కిందికి దిగుతూ, కుడివైపు ఎక్కుతూ గీత గీయండి. గోడ పక్కన దాని సమీకరణం ఎక్స్ = −3 అని రాయండి. గ్రాఫ్ బాగా గీసి ఈ ఒక్కటి రాయక మార్కు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు.

లోపల రుణ గుర్తు ఉంటే: వై = లాగ్₂(6 − 2ఎక్స్)

అడుగులు అవే. 6 − 2ఎక్స్ = 0 అంటే గోడ ఎక్స్ = 3 దగ్గర. 6 దగ్గర కాదు. సంఖ్యను చూసి కాకుండా సున్నా పెట్టి సాధించమని నేను పట్టుబట్టేది అందుకే. లోపలి విలువ ధనంగా ఉండాలంటే ఎక్స్ 3 కంటే చిన్నది కావాలి, కాబట్టి ఈసారి గ్రాఫ్ గోడకు ఎడమవైపు.

లోపలి విలువ 1/2 అయితే ఎక్స్ 2.75, వై −1. లోపలి విలువ 1 అయితే (2.5, 0). 2 అయితే (2, 1). 4 అయితే (1, 2). 8 అయితే (−1, 3). 16 అయితే (−5, 4). ఎడమకు పోయేకొద్దీ ఎక్కుతోంది. ఇక్కడ వంపు లోపలివైపు కింద ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి కుడిచేతి వాటం వాళ్లు కాగితం తిప్పుకోండి.

ఈ లెక్కలో నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటుంది. 6 − 2ఎక్స్‌ని 2(3 − ఎక్స్) అని రాస్తే, లాగ్ నియమం ప్రకారం మొత్తం 1 + లాగ్₂(3 − ఎక్స్) అవుతుంది. లోపల 2తో గుణించడం, బయట 1 కలపడం రెండూ ఒకటే! మామూలుగా లోపల గుణిస్తే గ్రాఫ్ అడ్డంగా నొక్కుకుపోతుందని చదువుకుంటాం. లాగ్‌లో ఆ నొక్కుడు, ఒక మెట్టు పైకి ఎత్తడం, రెండూ ఒకే గ్రాఫ్‌ని ఇస్తాయి. నమ్మకం కలగకపోతే రెండు పట్టికలూ వేసి చూడండి. ఒక్కసారి కళ్లతో చూసినవాళ్లు ఆ నియమాన్ని మర్చిపోవడం నేను చూడలేదు.

ఒకేలా కనిపించే జంటలు

వై = 2 లాగ్₂ ఎక్స్, వై = లాగ్₂(ఎక్స్²) ఒకటేనా? పవర్‌ని లాగ్ ముందుకు తెచ్చే నియమం ఒకటే అంటుంది, గ్రాఫ్ కాదంటుంది. మొదటిదానికి ఎక్స్ ధనమే కావాలి. రెండోదానిలో ఎక్స్ = −4 పెట్టినా లోపల 16 వస్తుంది, వై 4. అందుకని రెండోదానికి గోడకు రెండు పక్కలా, అద్దంలో చూసినట్టు, రెండు కొమ్మలుంటాయి. పోటీ పరీక్షల్లో సాధనలు ఎన్ని అని అడిగే ప్రశ్నల్లో తరచూ దెబ్బ తగిలేది ఇక్కడే.

మాడ్యులస్ (రుణ గుర్తు తీసేసే నిలువు గీతల జత) లోపలుంటే, అంటే లాగ్₂|ఎక్స్| అయితే, ఇలాగే రెండు కొమ్మలు. మాడ్యులస్ బయటుంటే, |లాగ్₂ ఎక్స్| అయితే, కొమ్మ ఒకటే. ఎక్స్ అక్షం కిందికి దిగిన భాగాన్ని పైకి మడిచేయండి. (1/2, −1) వెళ్లి (1/2, 1) అవుతుంది. (1, 0) దగ్గర మొన తేలుతుంది, అక్కడ నున్నగా గుండ్రం తిప్పొద్దు.

సాధనల సంఖ్యకు ఒక చిన్న ఉదాహరణ: లాగ్₂ ఎక్స్ = 3 − ఎక్స్. బీజగణితంతో దారి దొరకదు. రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద గీయండి. ఒకటి ఎక్కుతూనే ఉంది, ఇంకోటి దిగుతూనే ఉంది, కాబట్టి ఒకే ఒక్కచోట కలుస్తాయి. అది (2, 1). వేసి చూడండి: లాగ్₂ 2 = 1, 3 − 2 = 1.

మీరే గీయడానికి ఒకటి

వై = 3 − లాగ్₃(ఎక్స్ − 2). ముందు మీరు గీసి, తర్వాత ఇక్కడ సరిచూసుకోండి. గోడ ఎక్స్ = 2, గ్రాఫ్ దానికి కుడివైపు. లాగ్ ముందు రుణ గుర్తు ఉంది కాబట్టి దిగే గ్రాఫ్, గోడ పక్కన పైకి పోతుంది. లోపలి విలువలు 1/3, 1, 3, 9 ఇస్తే చుక్కలు (2.33, 4), (3, 3), (5, 2), (11, 1). ఎక్స్ = 0 గోడకు అవతల ఉంది కాబట్టి వై అక్షాన్ని తాకదు. ఎక్స్ అక్షాన్ని మాత్రం దాటుతుంది. లాగ్₃(ఎక్స్ − 2) = 3 అంటే ఎక్స్ − 2 = 27, ఎక్స్ = 29. మీ కాగితం 12 దగ్గరే అయిపోయినా, గీత చివర బాణం వేసి పక్కన (29, 0) అని రాయండి.